విశాఖ–అరకు వ్యాపార సంఘాలకు ఉమ్మడి సభ్యత్వం: ఏర్పాటు చేసుకొనే విధానం

విశాఖపట్నం రైల్వే స్టేషన్‌లో దిగిన పర్యాటకుడికి అరకు కాఫీ అంటే ఒకటే పేరు, ఒకటే సరుకు. ఆ పేరు వెనుక మాత్రం వేర్వేరు వర్గాల శ్రమ ఉంది. ఏజెన్సీలో పండ్లు కోసి పార్చ్‌మెంటు (పై పొర తీయని కాఫీ గింజలు) ఆరబెట్టే గిరిజన రైతులు ఒక వర్గం, నగరంలో గింజలు వేయించి ప్యాకెట్లు కట్టి అమ్మేవారు మరొక వర్గం, అనంతగిరి నుంచి అరకు దాకా అతిథులకు గదులిచ్చే హోంస్టే యజమానులు ఇంకొక వర్గం. ఇటువంటి ప్రతి వర్గానికీ ఒక సంఘం, ఒక చందా, ఒక లెటర్‌హెడ్, ఒక వాట్సాప్ గ్రూపు ఉండడం మన దగ్గర మామూలే. చెప్పుకోదగిన ప్రచారానికి ఖర్చు పెట్టగలిగే శక్తి మాత్రం వీటిలో ఏ ఒక్కదానికీ ఉండదు.

ఇటువంటప్పుడు మొదట వచ్చే ఆలోచన అందరూ కలిసి ఒకే పెద్ద సంఘం పెట్టుకోవడం. నా అభిప్రాయంలో అది తప్పుడు ఆరంభం. మూడు సంఘాలు విలీనం కావాలంటే ముగ్గురు అధ్యక్షుల్లో ఇద్దరు, ముగ్గురు కోశాధికారుల్లో ఇద్దరు పదవులు వదులుకోవాలి; పాత అప్పులు, పాత తగాదాలు, ఎన్నాళ్లుగానో తేలని లెక్కలు కొత్త సంఘం నెత్తిన పడతాయి; రెండో సమావేశం నాటికే చర్చ కాఫీని వదిలి కుర్చీల మీదికి మళ్లుతుంది. దానికి బదులు సంఘాలను ఎక్కడివక్కడే ఉంచి, సభ్యత్వాన్ని మాత్రం ఉమ్మడి చేసి (ఒక సంఘం చందాతోనే మిగిలిన సంఘాల ప్రచార సౌకర్యాలూ దొరికేలా), ప్రచారం అనే ఒక్క పనికి ఒక ప్రత్యేక నిధిని ఏర్పరచుకోవడం తేలిక. ఖర్చు తక్కువ, పొసగకపోతే గౌరవంగా విడిపోవడానికీ వీలుంటుంది. ఆ పని ఎలా చేయాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో సంఘాల కార్యవర్గ సభ్యులను దృష్టిలో పెట్టుకొని ఇక్కడ వివరిస్తున్నాను.

వైన్ ప్రాంతాల అనుభవం

విశాఖ ప్రాంతం వైన్‌కు పేరుపడినది కాదు. అయినా ఊరి పేరే సరుకుకు విలువ తెచ్చే వ్యాపారాల్లో సంఘాలు ఎలా కలిసి పనిచేయాలన్న ప్రశ్నకు వైన్ ప్రాంతాలవారి దగ్గర దశాబ్దాల అనుభవం ఉంది కనుక, అక్కడి నుంచి మూడు విషయాలు గ్రహించడం మంచిది.

ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో ద్రాక్ష తోటల్లో అత్యధిక భాగం రైతుల చేతిలో ఉంటుంది. అమ్మకాల్లో అత్యధిక భాగం పెద్ద వ్యాపార సంస్థల చేతిలో ఉంటుంది. 1941లో ఆ రెండు వర్గాలకూ కలిపి ఒక ఉమ్మడి సమితి ఏర్పడింది. దానికి ఇద్దరు సహాధ్యక్షులు ఉంటారు. ఒకరు రైతుల తరఫున, మరొకరు వ్యాపార సంస్థల తరఫున వస్తారు. రైతుల సంఘం, వ్యాపారుల సంఘం రెండూ విడిగా కొనసాగుతూనే, షాంపేన్ పేరును కాపాడే పనిని, ప్రచారం చేసే పనిని ఈ సమితికి అప్పగించాయి. మన ఏజెన్సీలోనూ పంట ఒకరి చేతిలో, మార్కెట్ మరొకరి చేతిలో ఉంది కనుక, ఈ ఏర్పాటును ఇంకెవరికంటే మనమే శ్రద్ధగా చూడాలి.

ఇటలీలోని కియాంటి క్లాసికో ఉత్పత్తిదారులు 1924లో కూటమిగా ఏర్పడి నల్ల కోడిపుంజు బొమ్మను ఉమ్మడి గుర్తుగా పెట్టుకున్నారు. సీసా మీద ఎవరి బ్రాండు వారిదే. మెడ దగ్గర కోడిపుంజు మాత్రం అందరిదీ. ఇక అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, నాపా లోయలోని చిన్న ప్రాంతం పేరును సీసా మీద వేసుకొనే ప్రతివారూ దానితోపాటు ‘నాపా వ్యాలీ’ అన్న పెద్ద పేరును కూడా తప్పక వేయాలన్న నిబంధన 1990 నుంచి చట్టంగా అమలవుతోంది. పక్కనున్న సొనోమా కౌంటీ ఇటువంటి చట్టాన్నే తెచ్చుకొని 2014 జనవరి నుంచి అమలు చేసింది. చిన్న ఊళ్లవారు తమ పేరు మరుగున పడుతుందని భయపడడం సహజమే. పెద్ద పేరు పక్కన చిన్న పేరు చేరిందే కానీ చెరిగిపోలేదు. పాడేరు, చింతపల్లి, జీకే వీధి, అనంతగిరి మండలాలవారు అరకు పేరు కింద చేరడానికి సంకోచించినప్పుడు ఈ ఉదాహరణను సమావేశంలో చెప్పవచ్చు.

దేన్ని కలపాలి, దేన్ని కలపకూడదు

ఒడంబడిక రాసుకొనే ముందు ఒక తెల్లకాగితం తీసుకొని రెండు వరుసలు గీయాలి. ఉమ్మడిగా చేసేవన్నీ ఒక వరుసలో, ఎవరికి వారు చేసుకొనేవన్నీ మరొక వరుసలో రాయాలి. పర్యాటకుడికి, కొనుగోలుదారుకు కనిపించే పనులు మాత్రమే మొదటి వరుసలోకి రావాలి. అంటే ఉమ్మడి పర్యాటక పటం, మంచి ఫొటోల నిల్వ, ప్రదర్శనల్లో స్టాలు, వెబ్‌సైటు, వచ్చిన విచారణలను నమోదు చేసి పంచే ఒక ఫోను నంబరు. రైతుకు చెల్లించే ధర, సభ్యుల మధ్య వివాదాల పరిష్కారం, ప్రభుత్వ పథకాల దరఖాస్తులు, కార్మికుల విషయాలు వంటివన్నీ రెండో వరుసలో ఉండాలి.

ధరల సంగతి ఇక్కడే తేల్చి చెప్పాలి. పోటీ వ్యాపారులు ఒకచోట చేరి అమ్మకపు ధరను, గది అద్దెను, లేదా ఎవరు ఏ ప్రాంతంలో అమ్మాలన్నదాన్ని కలిసి నిర్ణయిస్తే అది 2002 నాటి కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్ కిందికి వస్తుంది. సంఘం పేరుతో చేసినంత మాత్రాన రక్షణ దొరకదు. మందుల దుకాణదారుల సంఘాల మీద కాంపిటీషన్ కమిషన్ పలుమార్లు జరిమానాలు విధించిన సంగతి తెలిసిందే. రైతుల సహకార సంఘం తన సభ్యుల పంటను తానే కొని తానే అమ్ముకోవడం వేరు, పోటీదారులు కలిసి రేటు కట్టడం వేరు. అందుచేత ఉమ్మడి కమిటీ సమావేశంలో ఎవరైనా ‘ఈ సీజన్‌లో గది అద్దె ఇంతకు తగ్గకూడదు’ అని మొదలుపెడితే అధ్యక్షత వహించినవారు ఆ చర్చను అక్కడే ఆపి, ఆపినట్లు మినిట్స్ పుస్తకంలో రాయించాలి.

సభ్యత్వ రుసుము లెక్క

ఉమ్మడి సభ్యత్వం అంటే సభ్యుడు తన మాతృసంఘానికి కట్టే చందాతోనే మిగిలిన సంఘాల ప్రచార సౌకర్యాలు కూడా పొందడం. కొత్త చందా వేయకూడదు. కొత్త చందా అనగానే మొదటి ఏడాది ఉత్సాహంగా కట్టినవారే రెండో ఏడాది ఫోను ఎత్తరు. ఉన్న చందాలో ఒక నిర్ణీత భాగాన్ని ఉమ్మడి నిధికి మళ్లించడమే నిలకడైన పద్ధతి.

ఉదాహరణకు మూడు సంఘాలు ఉన్నాయనుకుందాం. రైతుల సంఘంలో 600 మంది సభ్యులు, ఏడాదికి ఒక్కొక్కరు రూ.100 కడతారు, మొత్తం రూ.60,000. నగరంలోని కాఫీ వేపుడు, అమ్మకందారుల సంఘంలో 40 మంది రూ.3,000 చొప్పున కడతారు, మొత్తం రూ.1,20,000. హోంస్టే యజమానుల సంఘంలో 70 మంది రూ.2,000 చొప్పున కడతారు, మొత్తం రూ.1,40,000. ఇక్కడ సాధారణంగా ఎవరూ చూడని చిక్కు ఒకటి ఉంది. హోంస్టే నడుపుతూ కాఫీ ప్యాకెట్లు కూడా అమ్మేవారు రెండు సంఘాల్లోనూ సభ్యులుగా ఉంటారు. అటువంటివారు 18 మంది ఉన్నారనుకుందాం. వారు ఇప్పటికే రూ.5,000 కడుతున్నారు. ఉమ్మడి సభ్యత్వం వచ్చాక ఒక్క చందాతోనే అన్ని సౌకర్యాలూ దొరుకుతాయని తెలిస్తే రెండోది మానేస్తారు. అలా జరగకుండా రెండు సంఘాల్లోనూ కొనసాగేవారికి మొత్తం రూ.4,000 అని రాయితీ ఇవ్వడం మంచిది.

ఆ రాయితీ వల్ల తగ్గే రూ.18,000 ఎవరు భరించాలన్నది ముందే రాసుకోవాలి. చందాల నిష్పత్తిలో, అంటే మూడుకు రెండుగా పంచితే, అమ్మకందారుల సంఘానికి రూ.10,800, హోంస్టే సంఘానికి రూ.7,200 తగ్గుతాయి. అప్పుడు మూడు సంఘాల నికర వసూళ్లు వరుసగా రూ.60,000, రూ.1,09,200, రూ.1,32,800 అవుతాయి. వీటిలో 30 శాతం ఉమ్మడి నిధికి పోతే రూ.18,000, రూ.32,760, రూ.39,840 చొప్పున మొత్తం రూ.90,600 చేరుతుంది.

తొంభై వేలతో పత్రికల్లో ప్రకటనలు ఇవ్వలేం, హోర్డింగులు పెట్టలేం. ఆ ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. కాని ఒక మంచి ఫొటోగ్రాఫర్‌తో కోత కాలంలో తోటల్లో ఫొటోలు తీయించుకోవచ్చు, ఉమ్మడి పటం అచ్చు వేయించుకోవచ్చు, అక్టోబరు నుంచి జనవరి దాకా విచారణలు చూసుకోవడానికి ఒకరిని పార్ట్‌టైమ్‌గా పెట్టుకోవచ్చు. ఈ మూడింటికీ నిధి సరిపోయేలా బడ్జెట్ వేసి, మిగిలితేనే నాలుగోది ఆలోచించాలి. శాలువాలు, జ్ఞాపికలు, నాయకుల ఫొటోలతో ఫ్లెక్సీలు, ప్రారంభోత్సవ భోజనాలు వంటివాటికి ఉమ్మడి నిధి నుంచి ఒక్క రూపాయి కూడా తీయకూడదని ఒడంబడికలోనే రాయాలి. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు కాని, సభ్యుల నమ్మకం సడలేది సరిగ్గా ఈ ఖర్చుల దగ్గరే.

ఓటు ఎవరికి, సంతకం ఎవరిది

పై లెక్కలో రైతులు 600 మంది. వారి డబ్బు అందరికంటే తక్కువ. తలకొక ఓటు అంటే రైతుల సంఘం మిగిలిన రెండింటినీ ముంచేస్తుంది. రూపాయిని బట్టి ఓటు అంటే రైతుల మాటకు విలువే ఉండదు. రెండూ పనికిరావు. ఉమ్మడి కమిటీలో ప్రతి సంఘం నుంచి సమాన సంఖ్యలో, ఉదాహరణకు ఇద్దరేసి చొప్పున, ప్రతినిధులు ఉండాలి. ప్రతి సంఘానికీ ఒకే ఓటు ఉండాలి. మామూలు ఖర్చులకు మూడింట రెండు ఓట్లు, పేరు లేదా ఉమ్మడి గుర్తు వాడకానికి సంబంధించిన నిర్ణయాలకు మూడు ఓట్లూ కావాలి. కమిటీకి శాశ్వత అధ్యక్షుడు వద్దు. సమావేశం ఏ సంఘం దగ్గర జరిగితే ఆ సంఘం ప్రతినిధి అధ్యక్షత వహిస్తే చాలు. ఒక సమావేశం విశాఖలో జరిగితే తరువాతిది తప్పనిసరిగా అరకులోనో పాడేరులోనో జరగాలి. రైతు ప్రతినిధి ఒక రోజు కూలి పని మానుకొని ఘాట్ రోడ్డు దిగి నగరానికి రావడానికి ఎంత ఖర్చవుతుందో నగరంలో ఉన్నవారికి తెలిసిరావాలన్నా ఇదే మార్గం.

నమోదు కాని కూటమి పేరున బ్యాంకు ఖాతా తెరవడం చిక్కు కనుక, మూడింటిలో ఒకదాన్ని నిర్వాహక సంఘంగా ఎంచుకొని, దాని పేరునే ‘ఉమ్మడి ప్రచార నిధి’ కోసం విడిగా ఒక ఖాతా తెరవాలి. సంతకాలు మాత్రం రెండు వేర్వేరు సంఘాలవారివి ఉండాలి. రసీదు పుస్తకం మూడు పొరలది అచ్చు వేయించుకుంటే మంచిది. తెల్లకాగితం సభ్యుడికి, రంగు కాగితం ఉమ్మడి నిధి లెక్కకు, పుస్తకంలో మిగిలేది మాతృసంఘానికి. రసీదు మీదనే ‘ఇందులో ఉమ్మడి నిధికి’ అని ఒక గడి ఉంటే, ఎంత మళ్లిందన్న ప్రశ్నకు సర్వసభ్య సమావేశం దాకా ఆగనక్కరలేదు.

కాగితాల పని

ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి సంఘాలు ఎక్కువగా రెండు చట్టాల కింద నమోదై ఉంటాయి. వ్యాపారుల సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద, రైతుల సంఘాలు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఉండవచ్చు. కొన్ని రైతు సంఘాలు కంపెనీల చట్టం కింద ప్రొడ్యూసర్ కంపెనీలుగా కూడా ఉంటాయి. పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక అరకు, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, మాడుగుల, ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. నిన్నటిదాకా ఒకే జిల్లాలో ఉన్న సంఘాలు ఇప్పుడు వేర్వేరు జిల్లాల అధికారుల పరిధిలో ఉన్నాయి. విలీనం జోలికి పోవద్దనడానికి ఇదీ ఒక కారణం.

ముందుగా ప్రతి సంఘం తన నియమావళి తీసి రెండు అంశాలు చూసుకోవాలి. ఇతర సంఘాలతో కలిసి పనిచేయడానికి ఆశయాల్లో వీలుందా, చందాలో కొంత భాగాన్ని బయటి నిధికి ఇవ్వడానికి కార్యవర్గానికి అధికారం ఉందా? లేకపోతే సర్వసభ్య సమావేశంలో నియమావళి సవరించి, సవరణను సంబంధిత రిజిస్ట్రారు దగ్గర దాఖలు చేయాలి. అధికారం ఉన్నా కూడా సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయించడమే క్షేమం. నోటీసు గడువు, కోరం సరిగా ఉన్నాయో లేదో చూసుకోకుండా చేసిన తీర్మానాన్ని తరువాతి కార్యవర్గం ఒక్క మాటతో కొట్టిపారేస్తుంది.

తరువాత మూడు సంఘాలూ ఒడంబడిక రాసుకోవాలి. అది నాలుగైదు పేజీలకు మించనక్కరలేదు, తెలుగులో ఉండాలి, సంతకానికి ముందు రైతుల సంఘం సమావేశంలో పైకి చదివి వినిపించాలి. కాలపరిమితి రెండేళ్లు పెట్టుకొని, ఆ తరువాత మళ్లీ తీర్మానాలతోనే పొడిగించుకోవాలి.

జీఎస్టీ గురించి ఆడిటర్‌ను ముందే అడగాలి. సంఘం తన సభ్యులకు చేసే సేవల మీద పన్ను పడేలా 2021 ఆర్థిక చట్టం ద్వారా 2017 జూలై 1 నుంచే వర్తించే సవరణ తెచ్చారు. దాని మీద కోర్టుల్లో వివాదాలు నడిచాయి. సేవల వ్యాపారంలో నమోదు అవసరమయ్యే పరిమితి ఏడాదికి రూ.20 లక్షలు కనుక చిన్న సంఘాలకు మామూలుగా భయం లేదు. కాని మూడు సంఘాల డబ్బు, స్టాలు అమ్మకాల డబ్బు అంతా ఒకే నిర్వాహక సంఘం ఖాతాలో పడితే లెక్క మారవచ్చు. స్టాలులో అమ్మిన సరుకు డబ్బు ఏ సభ్యుడిది ఆ సభ్యుడి ఖాతాకే నేరుగా వెళ్లేలా విడివిడి క్యూఆర్ కోడ్‌లు పెట్టుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

సభ్యుల జాబితాలను కలిపేటప్పుడు ఒక సంఘం సభ్యుల ఫోను నంబర్లను మరొక సంఘానికి ఇవ్వడానికి సభ్యుల సమ్మతి తీసుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్దేశమూ అదే. చందా ఫారం మీద ఒక సమ్మతి వాక్యం, దాని కింద సంతకం ఉంటే సరిపోతుంది.

ఏజెన్సీలో ఉమ్మడి కార్యాలయమో, కాఫీ దుకాణమో పెట్టాలన్న ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయడాన్ని 1/70 నిబంధన నిషేధిస్తుంది. ఆ చట్టంలో బదిలీ అంటే అమ్మకం మాత్రమే కాదు, లీజు కూడా. నగర వ్యాపారుల సంఘం పేరున అక్కడ స్థలం లీజుకు తీసుకోవాలని ఎవరైనా సూచిస్తే, ఒడంబడికకే చేటు తెచ్చే పని అని గ్రహించి మొదట్లోనే వద్దనాలి.

పేరు, గుర్తు, నాణ్యత

అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికి దరఖాస్తు చేసింది కాఫీ బోర్డు. ఈ గుర్తింపును ప్యాకెట్ మీద వాడుకోవాలంటే ఉత్పత్తిదారులు చెన్నైలోని భౌగోళిక గుర్తింపుల రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారులుగా నమోదు కావాలి. విడిగా ఒక్కొక్క రైతుకు కష్టమైన ఈ పనిని రైతుల సంఘం ద్వారా చేయించడం ఉమ్మడి నిధి మొదటి ఏడాదే చేపట్టదగిన పని. ప్రకటనలకంటే దీని వల్లే ఎక్కువ మేలు జరుగుతుందని నా నమ్మకం.

ఇక ఉమ్మడి గుర్తు కావాలనుకుంటే 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టంలో సమష్టి గుర్తుకు, అంటే ఒక సంఘం సభ్యులంతా వాడుకొనే గుర్తుకు, వీలుంది. దరఖాస్తుతోపాటు ఆ గుర్తును ఎవరు, ఏ షరతుల మీద వాడవచ్చో తెలిపే నిబంధనలు దాఖలు చేయాలి. ఆ నిబంధనలు రాసుకొనేటప్పుడే అసలు పరీక్ష ఎదురవుతుంది. చికోరీ (కాఫీలో కలిపే ఒక రకం వేరు పొడి) కలిపిన పొడి మీద గుర్తు వేయవచ్చా? ఆహార భద్రత నిబంధనల ప్రకారం కాఫీ–చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, పాళ్లు ప్యాకెట్ మీద రాయాలి. చట్టం అనుమతించినంత మాత్రాన ఉమ్మడి గుర్తు ఇవ్వాలని లేదు. బీచ్ రోడ్డులో చికోరీ పొడి కొని ఇంటికి తీసుకెళ్లి తాగిన పర్యాటకుడు తిట్టుకొనేది అమ్మినవారిని కాదు, అరకును. గుర్తు స్వచ్ఛమైన కాఫీకి మాత్రమే అని తేల్చి, మిశ్రమాలు అమ్ముకొనే సభ్యులు తమ సొంత బ్రాండు మీద అమ్ముకోవచ్చని రాయడం ఉత్తమం. దీనికి అమ్మకందారుల సంఘంలో కొందరు అలుగుతారు, అలిగినా సరే.

హోంస్టేలకూ ఇటువంటి కనీస షరతులు ఉండాలి: శుభ్రమైన మరుగుదొడ్డి, రాత్రి వచ్చే అతిథికి ఫోను ఎత్తే మనిషి, గదిలో ఉంచిన కాఫీ నిజంగా అరకు కాఫీ కావడం. చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. అరకులో బస చేసిన అతిథికి పొద్దున్నే ఇన్‌స్టంట్ పొడి కలిపి ఇచ్చే ఇంటికి పటంలో చోటు ఇవ్వకూడదు.

విచారణల పంపకం, స్టాలు అర

ఉమ్మడి సభ్యత్వాలు చెడేది సిద్ధాంతాల దగ్గర కాదు. ఫోను నంబరుకు వచ్చిన బేరం ఎవరికి పోయిందన్న దగ్గర చెడతాయి. హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ సంక్రాంతి కానుకలకు 200 ప్యాకెట్లు కావాలని అడిగిందనుకోండి; ఆ మాట నిర్వాహక సంఘం కార్యదర్శి బావమరిది దుకాణానికి పోయిందని ఒక్కరు అన్నా చాలు, మరుసటి ఏడాది చందాలు రావు.

అందుచేత ప్రతి విచారణనూ వచ్చిన రోజే ఒక రిజిస్టరులో రాయాలి. తేదీ, అడిగినవారి ఊరు, ఏం అడిగారు, ఎవరికి పంపారు, చివరికి బేరం కుదిరిందా, కుదరకపోతే ఎందుకు అన్న గళ్లు ఉండాలి. ఆ రిజిస్టరును ఏ సభ్యుడైనా వచ్చి చూడవచ్చు. పంపకానికి ఒకే సూత్రం పెట్టుకోవాలి. అడిగినవారు ఫలానా సభ్యుడు కావాలంటే అతనికే. అడగకపోతే వరుస క్రమంలో. అంత సరుకు ఒక్కరి దగ్గర లేకపోతే వరుసలో తరువాతివారితో కలిపి. వరుసలో తన వంతు వచ్చినా ఒక రోజులోగా జవాబివ్వని సభ్యుడి వంతు పోతుంది. ఈ చివరి నిబంధనను మొహమాటపడకుండా అమలు చేయాలి, ఎందుకంటే జవాబు రాని కొనుగోలుదారు ఇంకో సభ్యుడిని అడగడు, మరో జిల్లా కాఫీ కొనుక్కుంటాడు.

స్టాలులో అరల సంగతి కూడా ఇంతే. మామూలు స్టాలులో మూడు అరలుంటాయి. కంటి ఎత్తున ఉన్న మధ్య అరలోని ప్యాకెట్లను జనం చేతిలోకి తీసుకుంటారు. పై అర వైపు చూస్తారు కాని చెయ్యి చాచరు. కింది అర కోసం వంగేవారు తక్కువ. మధ్య అర ఎవరిదన్న దాని మీద జరిగే వాదన బయటికి సరదాగా కనిపించినా లోపల గట్టిదే. ప్రతి పూటా అరలు మార్చాలి: పొద్దున మధ్య అరలో ఉన్న ప్యాకెట్లు మధ్యాహ్నం కిందికి, కిందివి పైకి, పైవి మధ్యకు. మార్చిన వేళ స్టాలు పుస్తకంలో రాసి, అక్కడున్నవారు సంతకం పెట్టాలి. రైతుల సంఘం ప్యాకెట్లకు ఖరీదైన ముద్రణ ఉండదు కనుక, వాటి పక్కన తోట ఫొటో, ఊరి పేరు ఉన్న చిన్న అట్ట పెట్టడం ఉమ్మడి నిధి బాధ్యత. ఆ అట్ట ఉన్న ప్యాకెట్ దగ్గర ఆగి ‘ఈ ఊరు ఎక్కడ’ అని అడిగే పర్యాటకుడే హోంస్టే పటం కూడా తీసుకుంటాడు. కాఫీ సంఘానికి, హోంస్టే సంఘానికి నిజమైన కలయిక ఆ బల్ల దగ్గరే జరుగుతుంది.

ఏ నెలలో ఏ పని

అరకు పర్యాటకం దసరా సెలవులతో ఊపందుకొని, కార్తీక వనభోజనాలు, డిసెంబరు చలి మీదుగా సంక్రాంతి దాకా సాగుతుంది. కాఫీ కోత కూడా నవంబరు నుంచి మొదలవుతుంది. ఈ రెండూ కలిసి రావడం మనకు వరం. తోటలో పండు ఎర్రబడిన రోజుల్లోనే కిరండూల్ రైలు అద్దాల పెట్టెలో జనం కొండెక్కుతారు. ఆ కాలానికి సిద్ధంగా ఉండాలంటే ఏప్రిల్, మే నెలల్లో సంఘాల మధ్య మాటలు, జూన్, జూలైలో సర్వసభ్య సమావేశాల తీర్మానాలు, ఆగస్టులో ఒడంబడిక సంతకం, ఖాతా, రసీదు పుస్తకాలు, సెప్టెంబరులో పటం ముద్రణ జరిగిపోవాలి. మొదటి ఏడాది ఫొటోలు పాతవే వాడుకోవలసి వస్తుంది. కొత్తవి ఆ కోత కాలంలోనే తీయించుకోవాలి. ఆలస్యమైతే ఆ సీజన్‌ను వదిలేసి మరుసటి ఏడాదికి పెట్టుకోవడం మేలు; డిసెంబరులో హడావిడిగా ప్రారంభించిన ఏర్పాటులో మొదటి విచారణ వచ్చేనాటికి రిజిస్టరు కూడా కొని ఉండరు.

మొదటి ఏడాది మూడు సంఘాలకు మించి చేర్చుకోకూడదు. ఏర్పాటు కుదురుకున్నాక ఏటికొప్పాక లక్క బొమ్మల కళాకారులను చేర్చుకోవచ్చు. ఆ బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు ఉంది, అదే పర్యాటకుడు అదే సంచిలో వేసుకొనే సరుకు. విశాఖలోనే ప్రధాన కార్యాలయం ఉన్న గిరిజన సహకార సంస్థను, అంటే జీసీసీని, పోటీదారుగా చూసి దూరం పెట్టనక్కరలేదు. 1956 నుంచి గిరిజన ఉత్పత్తులు కొని అమ్ముతున్న ప్రభుత్వ సంస్థ అది. దాన్ని సభ్యురాలిగా చేర్చుకోవడం సాధ్యం కాకపోయినా పటంలో దాని దుకాణాలను చూపడం పర్యాటకుడికి ఉపయోగం.

విడిపోయేటప్పుడు

విడిపోయే నిబంధనలు సంబంధాలు బాగున్న రోజునే రాసుకోవాలి. ఏ సంఘమైనా మూడు నెలల నోటీసుతో బయటికి పోవచ్చు, కాని అక్టోబరు నుంచి జనవరి దాకా పోకూడదు. పోయే సంఘానికి ఆ ఏడాది తాను వేసిన వాటాలో ఖర్చు కాని భాగం మాత్రమే తిరిగి వస్తుంది. ఉమ్మడి ఫొటోలను మూడు సంఘాలూ ఎప్పటికీ వాడుకోవచ్చు. ఉమ్మడి గుర్తును మాత్రం బయటికి పోయినవారు వాడకూడదు, అప్పటికే అచ్చయిన ప్యాకెట్ల నిల్వ అయిపోయేదాకా ఆరు నెలల గడువు ఇవ్వవచ్చు. ఉమ్మడి ఫోను నంబరు సిమ్ కార్డు ఒక వ్యక్తి పేరున కాకుండా నిర్వాహక సంఘం పేరున తీసుకోవాలి. వెబ్‌సైటు, సోషల్ మీడియా ఖాతాల పాస్‌వర్డులను సీలు వేసిన కవరులో మూడు సంఘాల కోశాధికారుల దగ్గరా ఉంచి, మార్చినప్పుడల్లా కవరు కూడా మార్చాలి.